బల్ల తట్టని వినోద

మేడ్చల్,
12 జూన్ 2025

వదినగారికి,
జానకి నమస్కారాలు.

నిన్న ఫోనులో నేను అరిచిన అరుపులకు పక్కింటివాళ్లు వచ్చి ఏమైందండీ అని అడిగారు. అటు మీకేమో ఒక్క ముక్కా వినపడలేదు. సెల్‌ఫోనులో రాసి పంపుదామంటే అక్షరాలు చీమల బారులా ఉన్నాయంటారు. ఇక్కడికి వచ్చి నాలుగు రోజులుండండి అంటే, చెవులు పోయాక ప్రయాణాలేమిటి అని గుమ్మం దాటరు. చివరికి మీ తమ్ముడే, "ఇంత రభస కంటే ఉత్తరం రాయడం మర్యాద కదా" అన్నారు. ఆయన నోటి నుంచి ఈ వారంలో వచ్చిన పెద్ద వాక్యం అదే.

మా సంగతి మీకు తెలియనిదేముంది. మీ మేనల్లుడు భానుతేజ పొద్దున్నే కంపెనీ క్యాబెక్కి తుర్కపల్లి వెళ్లిపోతాడు. వాడి ల్యాబులో ఏం చేస్తారో వాడు చెప్పడు, చెప్పినా నాకు అర్థం కాదు. మీ తమ్ముడు పేపరు వెనక. నేనేదైనా చెబితే ఊఁ అంటారు. ఏమన్నానో చెప్పండి చూద్దాం అంటే పేపరు మడిచి స్నానానికి లేస్తారు. ఇంక నేనెవరితో మాట్లాడను? గోడలతోనే కదా!

మొన్న ఆయన పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి లైబ్రరీకి వెళ్తే, చదువు రాని పెద్దవాళ్లకు దగ్గర కూర్చుని చదివించే మనుషులు కావాలని అట్ట మీద రాసి పెట్టారు. అక్కడ చూసుకునే హేమచంద్ గారు మంచి మనిషి. "మీకు ఓపికుందా అమ్మా?" అని అడిగారు. నా ఓపిక గురించి మీ ఇంట్లో ఎవరిని అడిగినా చెబుతారు, ఆయన అడగలేదు కాబట్టి బతికిపోయాను.

వాళ్ల పద్ధతి వేరేగా ఉంది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఒకే పుస్తకం కలిసి పైకి చదవాలి. నేర్చుకునేవాళ్లకు ధైర్యం వచ్చినచోట వేలితో బల్ల తడతారు. తట్టగానే మనం నోరు మూసుకోవాలి, వాళ్లే ముందుకు చదువుకుంటారు. ఎక్కడైనా ఆగిపోతే మళ్లీ మనం గొంతు కలపాలి. అంతే. బెత్తం లేదు, తప్పులు దిద్దడం లేదు. నోరు మూసుకోవడమొక్కటే నాకు కొత్త.

నాకొక పిల్లను అప్పగించారు. పేరు వినోద. షామీర్‌పేట నుంచి బస్సులో ఒక్కతే వస్తుంది. రెండో తరగతిలో ఆగిపోయిందట. బిక్కుబిక్కుమంటూ బెంచీ చివర కూర్చుంది, పలకరిస్తే తల ఊపింది. కానీ కళ్లలో చురుకుంది వదినగారూ. బుధవారం, ఆదివారం మధ్యాహ్నాలు మా చదువు.

డిగ్రీ చేతపట్టుకుని ఇన్నేళ్లూ పోపులడబ్బాతో కాపురం చేశాను. ఇవాళ నన్నొకరు మేడం అన్నారు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మీ మరదలు,
జానకి


తణుకు,
24 జూన్ 2025

చి.ల.సౌ. జానకికి,
కామేశ్వరమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ఫోనులోకంటే కాగితం మీద నీ గొంతు తక్కువగా ఉంది, హాయిగా ఉంది.

పిల్లకు చదువు చెప్పడం మంచి పని. కానీ ఆ తల్లిదండ్రులెవరమ్మా? రెండో తరగతి పిల్లను అంత దూరం నుంచి ఒంటరిగా బస్సెక్కిస్తారా? లారీలు తిరిగే రోడ్డని మీ ఆయనే చెప్పాడు. ఆ తల్లి కనిపిస్తే నా మాటగా గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టు.

పార్సెల్ పంపుతున్నాను. గౌను కొన్నాను, ఏడేళ్ల పిల్లకు సరిపోతుందని షాపువాడు చెప్పాడు. రంగు పెన్సిళ్లు, బొమ్మల పుస్తకం ఉన్నాయి. జీళ్లు మాత్రం నీకు కాదు, పిల్లకు. మా పక్కింటి నవ్యశ్రీ చేత పోస్టు చేయించాను. ఈ వీధిలో నాతో మాట్లాడే ఓపికున్న మనిషి ఆ పిల్లొక్కతే.

పిల్లను కసరకు. నీకు తొందరెక్కువ.

తమ్ముడిని బీపీ మాత్రలు మానొద్దన్నానని చెప్పు.

కామేశ్వరమ్మ


మేడ్చల్,
8 జూలై 2025

వదినగారూ,

ఈ ఉత్తరం నవ్వుతూ రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే క్షమించండి.

మీ పార్సెల్ నేరుగా లైబ్రరీకే తీసుకెళ్లి, ఏం పంపారో చూద్దామని వినోద ముందే విప్పాను. గులాబీ రంగు గౌను బయటికి తీసి ఎత్తి పట్టుకున్నాను. వినోద నా వంక, గౌను వంక చూసి, "గిది నాకు చెయ్యికి గూడ పట్టది మేడం. మా బిడ్డ బిందుకన్న ఇద్దమంటే అది పదో తరగతి సదువుతాంది!" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. హేమచంద్ గారు పుస్తకాల అరల వెనక్కి వెళ్లి నవ్వుకున్నారు.

తప్పు నాదే. పిల్ల అని రాశాను. నలభైకి దగ్గరపడిన మనిషి వదినగారూ! ఈ వయసులో నాకు అందరూ పిల్లల్లాగే కనిపిస్తున్నారు. ఆ తల్లిదండ్రులకు పెట్టమన్న చీవాట్లు ఎవరికి పెట్టను? గౌను వాళ్ల పక్కింటి పాపకు వెళ్లింది. జీళ్లు మాత్రం మేమిద్దరమే తిన్నాం.

ఆ నవ్వుతో మంచే జరిగింది. ఇన్నాళ్లూ తల ఊపడం తప్ప మాట్లాడని మనిషి, ఆ రోజు తన సంగతంతా చెప్పింది. ఆమె మాటల్లోనే రాస్తాను.

"మా ఆయన రవీందర్ ఆటో తోలేది మేడం. షామీర్‌పేట నుంచి తుర్కపల్లి దాంక సవారీలను కొట్టేది. యాక్సిడెంటయి కుడికాలుకు రాడ్డు ఏసిండ్రు, ఇగ బ్రేకు దొక్కరాదు. ఆటో ఇంటి ముంగట ఊకెనే ఉన్నది. నేను తోల్త అన్న. నవ్విండు. మా గల్లీల తోలి సూపిచ్చిన, గప్పుడు నవ్వు బందయింది. గాని లైసెన్సు లేకుంటె రోడ్డెక్కనియ్యరు గద. పరీక్షల కంప్యూటర్ మీద ప్రశ్నలొస్తయట. టైం అయిపోకముందే సదివి జవాబు మీద ఒత్తాలె. దసరా దాంక సూస్త, గప్పటికి నీకు కాయితం రాకపోతే గాజులరామారంల ఉన్న మా తమ్మునికి ఆటో ఇచ్చేస్త అంటుండు. గా ఆటో పోతే మేం బతుకుడెట్ల మేడం?"

అదీ సంగతి. కథల పుస్తకాలు పక్కన పెట్టి, డ్రైవింగ్ పరీక్ష ప్రశ్నల పుస్తకం తెచ్చుకుని అదే చదువుతున్నాం. ఏం చెప్పను వదినగారూ, నెల తిరగకుండానే నాతో సమానంగా గడగడా చదివేస్తోంది! నేను "ఎర్ర దీపం వెలిగినప్పుడు" అంటుంటే నా పక్కనే ఆమె గొంతు, మంగళహారతి పాడుతున్నట్టు. ఒక్కచోట తడబడదు. మీ తమ్ముడితో చెబితే పేపరు దించి మరీ విన్నారు. నాలో ఇంత పంతులమ్మ దాగుందని నాకే తెలియదు.

నెలాఖరుకు పరీక్షకు తేదీ తీసుకుంది. ఇంకో మూడు వారాల్లో మీకు శుభవార్త రాస్తాను.

మీ
జానకి


తణుకు,
20 జూలై 2025

చి.ల.సౌ. జానకికి,

గౌను సంగతి చదివి నేను కూడా నవ్వాను. నేను నవ్వడం చూసి నవ్యశ్రీ పరుగెత్తుకొచ్చింది. ఒంటరిగా నవ్వుకుంటే ఇప్పుడు మతి కూడా పోయిందనుకుంటారు.

ఆ వినోద గుండె దిటవు గల మనిషి. మొగుడు నవ్వితే ఆటో నడిపి చూపించిందంటే మాటలు కాదు. దాని పని కావాలని ఇంట్లో దేవుడికి దీపం పెట్టాను.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ మళ్లీ తీసి చదివాను. బల్ల తట్టే పద్ధతి గురించి మొదటి ఉత్తరంలో అంత వివరంగా రాశావు. వినోద తట్టిందని మాత్రం ఎక్కడా రాయలేదు. తడుతోందా? నువ్వు ఆగుతున్నావా?

నీతో కలిసి చదవడం వేరు, నువ్వు లేకుండా చదవడం వేరు కదమ్మా.

ఇక్కడ వానలు మొదలయ్యాయి.

కామేశ్వరమ్మ


మేడ్చల్,
2 ఆగస్టు 2025

కామేశ్వరమ్మ గారికి,

మీ ఉత్తరం పరీక్ష అయిన మర్నాడు చేరింది. సంతోషించండి, మీరన్నట్టే అయింది. వినోద తప్పింది.

ఆర్టీవో ఆఫీసు బయట చెట్టు కింద నిలబడి ఉన్నాను. లోపలికి వెళ్లేటప్పుడు నవ్వుతూ వెళ్లిన మనిషి తల దించుకుని వచ్చింది. ఏమైందే అంటే చెట్టు మొదట్లో కూర్చుంది. తర్వాత అంది: "అక్షరాలున్నయి మేడం. గాని నా చెవులల్ల మీ గొంతే వినవడుతాంది. మీ గొంతు చెప్పేదొకటి, ఆడ రాసున్నదొకటి. పుస్తకంల ఉన్న వరుస లేదు. నేను పరేషానయిన. టైమయిపోయింది."

మొత్తం పుస్తకం ఆమెకు కంఠతా వచ్చేసింది. అక్షరం మాత్రం రాలేదు. నేను పక్కన కూర్చుని అన్నివారాలూ నా చదువు వినిపించానే గానీ ఆమె చదువు ఒక్కసారీ వినలేదు.

బల్ల తట్టలేదు. ఒక్కసారి కూడా తట్టలేదు. ఎందుకు తట్టలేదని అప్పుడడిగాను. "మీరు పెద్దోళ్లు, సదువు చెప్పేటోళ్లు. మీ ముంగట బల్ల గొట్టి నోరు మూసుకో అన్నట్టు జేస్తనా? పాపం తగలదా మేడం?" అంది. అందరూ నా ముందు నోరెత్తడానికి జంకుతారని నాకు తెలియదు. మీకు తెలిసినట్టుంది.

ఆదివారం రాలేదు. బుధవారమూ రాలేదు. వాళ్లాయన తమ్ముడికి కబురు పెట్టాడట, అతను వచ్చి ఆటో చూసుకుని వెళ్లాడట. ఆ సంగతి బిందు ఫోను చేసి చెప్పింది.

మీరు ఆ ప్రశ్న ఇంకొంచెం ముందుగా, ఇంకొంచెం మెత్తగా అడిగి ఉండవలసింది. ఉత్తరాలు చదివి తప్పులు పట్టడం తేలిక. ఇకమీదట నేను మీకు విసుగు కలిగించే సంగతులు రాయను.

జానకీదేవి


తణుకు,
11 ఆగస్టు 2025

జానకీ,

కామేశ్వరమ్మ గారు అని రాశావు. ఇరవయ్యేళ్ల వయసులో మా ఇంటికి కోడలిగా వచ్చావు. అప్పటి నుంచి ఎప్పుడూ నన్నలా పిలవలేదు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఉత్తరాలు మానేస్తావేమోనని భయమేసింది. నవ్యశ్రీ మాటలు కాక నా దగ్గరికి వచ్చే మాట నీ ఉత్తరమొక్కటే. కోపమొస్తే తిట్టి రాయి, మానెయ్యకు.

నీ తప్పు పట్టాలని అడగలేదమ్మా. ఆ సంగతి నాకెలా తెలుసో చెబుతాను. చెవులు పోయాక నాతో మాట్లాడడానికి వచ్చినవాళ్లందరూ ఒకటే పని చేస్తారు. నేను వాళ్ల పెదాలు చూసి అర్థం చేసుకునేలోపే కంగారుపడి మళ్లీ అరుస్తారు. నేను జవాబు మొదలుపెట్టేలోపు నా వాక్యం వాళ్లే పూర్తి చేసి నవ్వేసి వెళ్లిపోతారు. నువ్వూ అంతే. కిందటేడు వచ్చినప్పుడు నాలుగు రోజులున్నావు, నాలుగు మాటలు నన్ను చెప్పనివ్వలేదు. ప్రేమతోనే, నాకు తెలుసు. కానీ నువ్వు వెళ్లాక నా నోట్లో మాటలన్నీ అలాగే మిగిలిపోయాయి.

నవ్యశ్రీ ఒక్కతే ఆగుతుంది. ఒక మాట అని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. నాకు ఎంతసేపు పట్టినా కదలదు. ఆ పిల్ల అలా కూర్చోబట్టే నాకు పెదాలు చదవడం వచ్చింది.

నువ్వూ అలా కూర్చో. కష్టమని తెలుసు. చదువుకు కూర్చునే ముందు పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకో. కరిగేదాకా నోరు తెరవకు.

ముందు షామీర్‌పేట వెళ్లు. ఆ అమ్మాయి సిగ్గుతో రావడం లేదు, నువ్వే వెళ్లాలి. దసరాకి ఇంకా రోజులున్నాయి.

నీ
వదిన


మేడ్చల్,
7 సెప్టెంబర్ 2025

వదినగారూ,

మీ ఉత్తరం పట్టుకుని దేవుడి గదిలో కూర్చుని ఏడ్చాను. మీ తమ్ముడు కంగారుపడి కాఫీ పెట్టి తెచ్చారు, అందులో పంచదార వెయ్యలేదు. ఆ కిందటి ఉత్తరం చింపి పారెయ్యండి. కోపం నా మీద నాకే, దాన్ని మీ మీద పడేశాను.

షామీర్‌పేట వెళ్లాను. ఇంటి ముందు ఆటో, దాని మీద పట్టా కప్పి ఉంది. రవీందర్ కుర్చీలో కూర్చుని కాలు స్టూలు మీద పెట్టుకున్నాడు. నన్ను చూసి వినోద లోపలికి వెళ్లిపోయింది. అతను మాత్రం మర్యాదగా, "కూసోండ్రి మేడం. మీరు మస్తు కష్టపడ్డరు. గాని ఇగ అయ్యేదుందా? మా తమ్ముడు దసరాకు తీస్కపోతనన్నడు" అన్నాడు.

నాకు మాటలు చాలా వచ్చాయి వదినగారూ. అన్నీ మింగాను. బుగ్గన మీ పటికబెల్లం ఉంది మరి! వినోద బయటికి వచ్చేదాకా ఊరికే కూర్చున్నాను. ఎంతసేపో నాకే తెలియదు. ఆమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. అప్పుడు చెప్పాను: తప్పు నీది కాదు, నేను ఆగలేదు, ఈసారి నువ్వు బల్ల తట్టాలి, నేను ఆగాలి అని.

"తట్టుడు నాతోని గాదు మేడం" అంది మళ్లీ.

అప్పుడు రవీందర్ కలగజేసుకున్నాడు. నేను అతన్ని మా శత్రువనుకున్నాను చూశారా! "ఏందే, నా ఆటోల సవారీలు దిగాలంటే రాడ్డు మీద గొట్టరా? గొడ్తె నేను ఆపలేదా? నాకెప్పుడన్న కోపమొచ్చిందా? ఆపమని గొట్టుడే గద. మేడం ఆటో తోల్తుందనుకో. నీ స్టేజీ వచ్చింది, గొట్టు" అన్నాడు.

వినోద అతని వంక చూసింది, నా వంక చూసింది, ఇక నవ్వాపుకోలేకపోయింది. నేను కూడా ఆపుకోలేకపోయాను, పటికబెల్లం కింద పడింది.

ఆ బుధవారం నుంచి వస్తోంది. ప్రశ్నల పుస్తకం పక్కన పెట్టేశాం. ఆమెకు కంఠతా రానిది కావాలి కదా. హేమచంద్ గారు ఎప్పటికప్పుడు కొత్త కాగితాలు ఇస్తున్నారు: కరపత్రాలు, పాత పేపర్లు, మందుల డబ్బా మీది కాగితాలు. కలిసి మొదలుపెడతాం. రెండు వాక్యాలు కాగానే ఠక్కున తడుతుంది. ఎంత గట్టిగా తడుతుందనుకున్నారు! పక్క బల్లవాళ్లు ఉలిక్కిపడుతున్నారు. నేను ఆగుతాను. ఆ తర్వాత ఉంటుంది చూడండి నా అవస్థ. ఆమె "ప్ర" దగ్గర ఆగుతుంది. "ప్రయా" అంటుంది. నా నాలుక చివరన "ప్రయాణికులు" గంతులేస్తుంటుంది. చీర కొంగు వేలికి చుట్టుకుని కూర్చుంటాను. ఆమెకే వస్తుంది వదినగారూ! ఆలస్యంగా వస్తుంది, కానీ ఆమెదే వస్తుంది. అప్పుడు ఆమె ముఖం చూడాలి.

ఇంకో సంగతి. మొన్న భానుతేజ భోంచేస్తూ ఏదో మొదలుపెట్టి మధ్యలో ఆగాడు. నేను అందుకోలేదు. వాడు నా వంక వింతగా చూసి, వాళ్ల ల్యాబులో ఏం చేస్తారో మొదటిసారి చెప్పాడు. చాలావరకు అర్థమైంది.

ఈ నెలాఖరున మళ్లీ పరీక్ష. ఈసారి శుభవార్త రాస్తానని ముందే గొప్పలు పోవడం లేదు.

మీ
జానకి


మేడ్చల్,
27 సెప్టెంబర్ 2025

వదినగారూ,

ఈ ఉత్తరం పొట్టిది, పోస్టు డబ్బా తీసేవేళయింది.

వినోద నెగ్గింది.

నేను లోపలికి వెళ్లలేదు. బయట రవీందర్ కర్ర పట్టుకుని నిలబడితే, నేను పక్కన దండం పెట్టుకుంటూ నిలబడ్డాను. అతనికి నాకంటే భయం ఎక్కువగా ఉంది. ఆమె చాలాసేపు రాలేదు. వచ్చాక మాతో అన్నది ఇదీ: "ఒక్కో ప్రశ్న రెండుసార్లు సదివిన. టైమైపోతదేమోనని పానం కొట్టుకుంది. జల్దీ జేస్తే ఆగమైతనని ఊకున్న. ఒకటి నిజంగనే తప్పయింది మేడం, గదొక్కటే నాకు తెల్వకుంటుండె."

ఆ తప్పు విన్నప్పుడు ఎంత సంతోషించానో! తెలియక తప్పింది, చదవలేక కాదు.

రవీందర్ అక్కడే తమ్ముడికి ఫోను చేశాడు. "ఆటో ఇయ్యనురా, మా ఇంట్ల తోలేటోళ్లున్నరు" అన్నాడు. దసరాకి ఆటోకు బంతిపూల దండ వేసి, నిమ్మకాయలు కట్టి, నన్ను కొబ్బరికాయ కొట్టమంటున్నారు.

ఇదంతా మీ ప్రశ్న వల్ల జరిగింది. కాళ్లకు నమస్కరిస్తున్నాను.

జానకి


మేడ్చల్,
16 నవంబర్ 2025

వదినగారికి,
నమస్కారాలు.

వినోద చేతికి పక్కా లైసెన్సు వచ్చింది. రోడ్డు మీద నడిపి చూపించేటప్పుడు ఆఫీసరు రెండోసారి అడగలేదట. ఇప్పుడు పొద్దున తుర్కపల్లి క్యాంటీన్లలో పనిచేసే ఆడవాళ్లను ఎక్కించుకుని వెళ్తోంది. మధ్యాహ్నం లైబ్రరీకి వస్తుంది, చదువు ఆపనంటోంది. కథలు కావాలట.

మొన్న నన్నడిగింది: "మీకు ఆగుడు ఎవరు నేర్పిండ్రు మేడం?" మీ సంగతి చెప్పాను. చెవులు, ఉత్తరాలు, పటికబెల్లం, అన్నీ. "గంత మంచి అమ్మ ఈడికి ఎందుకు రాదు?" అంది. ప్రయాణమంటే భయం అన్నాను. "బస్సు సుచిత్ర చౌరస్తా దాంక వస్తది గద. నేను తీస్కొస్త. మీరు రాకుండ్రి, నేనే పోత" అని పంతం పట్టింది.

కాబట్టి అడుగుతున్నాను. ఈసారి రమ్మని అరవడం లేదు, జవాబు కోసం ఆగుతాను. నవ్యశ్రీ మిమ్మల్ని అక్కడ బస్సెక్కిస్తుంది. ఇక్కడ వినోద ఉంటుంది. మీరెలా అంటే అలా.

మీరు వస్తే నేను చేసేది వినడమే. కిందటేడు మీ నోట్లో మిగిలిపోయిన మాటలు చాలా ఉన్నాయన్నారు కదా.

జానకి


తణుకు,
14 డిసెంబర్ 2025

చి.ల.సౌ. జానకికి,
కామేశ్వరమ్మ ఆశీస్సులు.

క్షేమంగా చేరాను. బస్సులో నిద్ర కూడా పట్టింది. నువ్వు కట్టిచ్చిన పులిహోర నవ్యశ్రీకి పెట్టాను, ఉప్పు తక్కువంది, నిజమే.

మీ ఇంట్లో గడిపిన రోజుల్లో నేను మాట్లాడినన్ని మాటలు ఈ రెండేళ్లలో మాట్లాడలేదు. నువ్వు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని విన్నావు. మధ్యలో నీ పెదాలు రెండు మూడుసార్లు కదలబోవడం చూశాను, చూడనట్టే ఉన్నాను. తమ్ముడు కూడా పేపరు పక్కన పెట్టి నా చిన్నప్పటి సంగతులు విన్నాడు. జానకీ, నీకు నేను రుణపడ్డాను. ఇంతకంటే ఎలా రాయాలో నాకు తెలియదు.

లైబ్రరీలో మీ ఇద్దరి పక్కన కూర్చున్నాను కదా. నాకు మీ చదువు వినపడలేదు. కానీ వినోద వేలు బల్ల మీద పడడం, నీ నోరు ఠక్కున మూసుకోవడం, తర్వాత ఆమె పెదాలొక్కటే కదలడం చూశాను. ఆమె ఏం చదువుతోందో ఆ పెదాల మీదే చదువుకున్నాను. ఎవరి పుణ్యమో గానీ నాకది చూసే భాగ్యం కలిగింది.

ఒక సంగతి అక్కడ ఉన్నప్పుడు నీకు చెప్పలేదు. చెబితే ఏడుస్తానని భయపడ్డాను.

సుచిత్రలో నేను దిగేసరికి ఇంకా సరిగా తెల్లవారలేదు. బస్సు వెళ్లిపోయింది. నా పక్కన దిగినవాళ్లందరినీ ఎవరో ఒకరు పిలుస్తున్నారు. వాళ్లు తల తిప్పి, చెయ్యి ఊపి వెళ్లిపోతున్నారు. నాకు పిలుపు వినపడదు. వినోద ఎలా ఉంటుందో తెలియదు. ఆటోలవాళ్లు చుట్టూ చేరారు, నోళ్లు కదులుతున్నాయి, ఆ చీకట్లో ఒక్క మాటా పట్టుకోలేకపోయాను. అందరికీ వద్దు వద్దు అని చెయ్యి ఊపాను. వాళ్లు వెళ్లిపోయాక సంచి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఎందుకొచ్చానురా భగవంతుడా అనుకున్నాను.

రోడ్డు పక్క దీపం కింద ఒకావిడ నిలబడి ఉంది. మిగతావాళ్లలా నా మీదికి రాలేదు. మందుల పెట్టె విప్పి చేసిన అట్ట ఒకటి రెండు చేతులతో గుండెల మీద పట్టుకుని, నా కళ్లు తనవైపు తిరిగేదాకా కదలకుండా నిలబడింది. అట్ట మీద పెద్ద పెద్ద అక్షరాలు. చోటు చాలక చివరి అక్షరం కింది వరుసలోకి దిగింది. కామేశ్వరమ్మ గారు అని ఉంది.

నేను ఒక్కో అక్షరం చదువుకున్నాను. ఆమె ఆగింది. నాకు చెవులు పోయాక ఇంటి బయట నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదు జానకీ. పిలిచి లాభం లేదని మానేశారు. ఆ పొద్దున వినోద పిలిచింది, నేను పలికాను.

నీ
వదిన